తోట టైము

గంట ముందుకు జరపమంటే భీముడు నిజంగానే జరిపేశాడు.

తప్పు విన్నవాడిదా, చెప్పినవాడిదా అన్నది ఆ ఊళ్ళో ఇప్పటికీ తేలలేదు. సోమవారం సాయంత్రం, డిసెంబరు చలికి మఫ్లరు చెవుల మీదికి లాక్కుంటూ మేనేజరు వరహాలరావు, "భీముడూ, రేపట్నుంచి గంట ముందుకు జరుపు" అన్నాడు. అంతే అన్నాడు. ఎంతో, ఎందుకో చెప్పకుండా క్వార్టర్సుకి వెళ్ళిపోయాడు. మైదానం నుంచి వచ్చి రెండు నెలలైనా కాని మనిషి, మాటల్లో మహా పొదుపు.

భీముడు ఆ కాఫీ తోటకి కాపలాదారు. గంట కొట్టేదీ అతనే. ఆ తోటలో గంటంటే మూరెడు రైలు పట్టా ముక్క. అది ఆఫీసు వసారాలో దూలానికి వేలాడుతూ ఉండేది. పొద్దున్న ఎనిమిదింటికి దాని మీద సుత్తితో అయిదు దెబ్బలు పడితే పని ఎక్కాలి. అది ఎక్కే గంట. సాయంత్రం అయిదింటికి విడవకుండా బాదితే పని దిగాలి. అది దిగే గంట. దిగే గంట మోగాక ఎవరూ చెట్టు మీద చెయ్యి వెయ్యరు. ఆ పైన తెల్లారేదాకా తోట కొండదేవతది. ఎంత పండు మిగిలినా సరే, ఎంత పెద్ద దొర అరిచినా సరే.

భీముడు గునపం తీసుకుని గేటు పక్కన, రోడ్డు మలుపు తిరిగే అంచులో రెండు గుంతలు తవ్వాడు. భార్య కనక వాసాలు నిలబెట్టి పట్టుకుంటే, పైన అడ్డకర్ర కట్టి పట్టా ముక్కని దానికి వేలాడదీశాడు. తోటలో పండు కోసే ఆడవాళ్ళలో ఆమె ఒకతె. పని దిగి ఇంటికి పోతున్నదాన్ని మొగుడు ఆపేశాడు.

"ఎందుకంట?" అనడిగింది.

"ఏమో మరి. ముందుకి జరిపితే దూరం ఇనిపిస్తాది గావాల."

"అలాగైతే మనింటికాడికి జరపమను. మంచంలోంచే ఇనొచ్చు."

మర్నాడు ఎనిమిదింటికి భీముడు కొత్త చోట అయిదు దెబ్బలు వేశాడు. మోత లోయలోకి దొర్లుకుంటూ పోయి, అవతలి కొండకి తగిలి తిరిగొచ్చింది. అంత బాగా వినిపిస్తుందని అతనూ అనుకోలేదు. మురిసిపోతూ వెనక్కి తిరిగేసరికి వరహాలరావు నిలబడి ఉన్నాడు. ఆయన ఏడింటి నుంచీ ఎదురుచూస్తున్నాడు.

"ఏడింటికి కొట్టమన్నాను కదయ్యా!"

"మీరు గంట ముందుకి జరపమన్నారు బాబూ. జరిపీసినాను. ఇంకా ముందుకంటే గేటు దాటి లోయలో పడిపోద్ది."

పైటలు నోటికడ్డం పెట్టుకున్నా ఆడవాళ్ళ నవ్వు ఆగలేదు. వరహాలరావు కోపంగా ముఖం పెట్టబోయాడు గానీ అది కుదరలేదు. ఆఫీసులోంచి గోడ గడియారం తెప్పించి, అందరూ చూస్తుండగా ముల్లు ఒక చుట్టు తిప్పాడు.

"చూడండమ్మా. పొద్దు ఆరున్నరకే వచ్చేస్తోంది. మీరు ఎనిమిదికి పని ఎక్కుతున్నారు. ఆ వెలుతురంతా దండగ. రేపట్నుంచి మనకి తోట టైము. బయట ఏడయితే ఈ గడియారంలో ఎనిమిది. గంట ముందు వస్తారు, గంట ముందు వెళ్ళిపోతారు. పని పెరగదు, తగ్గదు. పెద్ద పెద్ద దేశాల్లో ఇలాగే చేస్తారు. ఎండాకాలం రాగానే ఒక రాత్రి జనమంతా గడియారాలు గంట ముందుకు తిప్పేసుకుని పడుకుంటారు."

రత్నాలు నోట్లోంచి చుట్ట తీసింది. తోటలో అందరికంటే పెద్దది. నిప్పు లోపలికి పెట్టుకుని కాల్చే మనిషి. చుట్ట బయటికి తీసిందంటే సంగతి పెద్దదని అర్థం.

"అందరూనా బాబూ? ఒకే రేత్రి?"

"అందరూనూ."

"మరి కోళ్ళకెవులు సెప్తారు?"

వరహాలరావు గడియారం పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళు గొణిగారు. ఈ చలిలో ఏడింటికా, పొగమంచులో చెట్టు కనపడొద్దా, పిల్లలకి అంబలి ఎవరు కాస్తారు అని. కనక మాత్రం గొణగలేదు. ఆమె చెవిలో ఒక్క మాటే తిరుగుతోంది. గంట ముందు వెళ్ళిపోతారు.

ఊరి పైన, ఆమె ఇంటి వెనక కొండవాలులో ఎకరం కాఫీ ఉంది. సర్కారు మొక్కలిస్తే మొగుడూ పెళ్ళాలు నాటుకున్నది. ఇది తొలికాపు. పదేళ్ళుగా ఒకరి పండు కోసిన చేతులకి తన పండు తగలడం ఇదే మొదలు. ఆ చెట్ల మధ్యకి వెళితే కనకకి ఏదో సిగ్గులాంటిది కూడా వచ్చేది. పెళ్ళిచూపుల్లో పిల్లని చూసినట్టు ఒక్కో కొమ్మనీ పైకెత్తి చూసేది. కానీ ఎప్పుడు కొయ్యాలి? అయిదింటికి పని దిగి ఇల్లు చేరేసరికి పొద్దు కొండ వెనక్కి పోతుంది. చీకట్లో పండూ కాయా ఒకటే రంగు. ఆదివారం ఒక్కటీ ఏ మూలకి? కొయ్యకపోతే పండు కొమ్మ మీదే నల్లబడి ఎండిపోతుంది, లేదా రాలిపోతుంది, లేదా మానుపిల్లి తినేస్తుంది. కిందటి ఆదివారం సాయంగా వస్తానని భీముడు వచ్చాడు. వచ్చి, పండూ పచ్చికాయా ఆకూ కలిపి దూసేశాడు. ఆవు మేసినా ఇంతకంటే నీటుగా మేస్తుందని కనక అతన్ని గట్టు మీద కూర్చోబెట్టేసింది.

రోజుకి ఒక గంట వెలుతురు దొరికితే చాలు. రోజుకి రెండు వరసలు. పండు రాలకముందే చేను మొత్తం తేలిపోతుంది.

"ఓలప్పా, పొద్దున్న చలంటావు గానీ సాయంత్రం సూడు," అని రత్నాలుని పట్టుకుంది. "పొద్దుండగా ఇంటికెల్లి, పొద్దుండగా తానం సేసి, పొద్దుండగా మనవల మొకాలు సూసుకోవచ్చు."

"మొకాలు రేత్రి దీపం కాడ సూత్తన్నాను కదే."

"ఎలుతుర్లో ఎలాగున్నారో సూసుకోవా?"

రత్నాలు నవ్వి, చుట్ట మళ్ళీ నిప్పు లోపలికి పెట్టుకుంది. అంటే ఒప్పుకున్నట్టే. మధ్యాహ్నంలోగా కనక అందరినీ ఒప్పించింది. తన మాట మీద ఒప్పించింది.

బుధవారం ఎక్కే గంటకి లోకం ఇంకా పొగమంచులోనే ఉంది. సిల్వర్ ఓక్ చెట్లు మొదళ్ళు మాత్రం కనబడుతున్నాయి, పైన ఏమున్నాయో తెలీదు. పండ్లకి పట్టిన మంచు వేళ్ళలోకి సూదుల్లా దిగుతోంది. కనక నడుముకి సంచి కట్టుకుని, ఎడం చేత్తో కొమ్మ వంచి, కుడిచేత్తో ఒక్కో పండూ మెలిపెట్టి తీస్తోంది. తొడిమ కొమ్మకే ఉండాలి. అక్కడే వచ్చే ఏడు పువ్వు. పచ్చికాయ తగిలితే వేలు దానంతటదే తప్పుకుంటుంది. ఇది నేర్పితే వచ్చేది కాదని ఆమెకి గర్వం. వేళ్ళు మొద్దుబారినప్పుడల్లా చంకల్లో పెట్టుకుని వెచ్చచేసుకుంది. పక్క వరసల్లోంచి, "కనక పుణ్యమా అని" అంటూ మొదలయ్యే మాటలు చాలా వినబడ్డాయి. అన్నిటికీ నవ్వింది. సాయంత్రం రానీ, చెబుతాను అనుకుంది.

మధ్యాహ్నం తిరిగాక ఆమె చెయ్యి ఇంకా చురుగ్గా ఆడింది. కనకకి గడియారం చూడటం రాదు, ఆ అవసరమూ ఎప్పుడూ రాలేదు. గింజలు ఎండబోసే కళ్ళం మీద చెట్ల నీడ పాకుతూ వస్తుంది. ఆ నీడ పండు ఒలిచే మిషను షెడ్డు గోడని తాకితే దిగే గంట మోగేది. కొత్త లెక్కన నీడ కళ్ళం సగానికి వచ్చేసరికే మోగాలి. నీడ కళ్ళం సగానికి వచ్చింది. కనక కొమ్మ వదిలి చెవులు రిక్కించింది. పిట్టలు అరుస్తున్నాయి. గంట మోగలేదు. నీడ సగం దాటింది. గోడ దగ్గరికి వచ్చింది. గోడని తాకింది.

అప్పుడు మోగింది.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే వరసల్లోంచి బయటికి వచ్చి కనక వంక చూశారు.

"ఒలే గుంటా," అంది రత్నాలు తాపీగా. "పొద్దున్న గంట ముందుకెల్లింది. సాయంత్రం గంట ఉన్న సోటే ఉంది. మజ్జిలో ఒకటి మిగిలింది. అదెవులి మూటలోకెల్లినట్టు?"

కనకకి ముఖం చెల్లలేదు. గేటు దగ్గర సుత్తి పట్టుకుని నిలబడ్డ మొగుడి మీదికి వెళ్ళింది.

"నన్నేటి సేయమంటావే?" అన్నాడు భీముడు. "గోడ మీద అయిదు కొట్టగానే సుత్తి తీసినాను. బాబు సెయ్యి అడ్డం పెట్టినాడు. తన సేతి వాచీ సూపించి, ఇంకా నాలుగే అయింది, ఆగు అన్నాడు."

ఆ పూట ఇల్లు చేరేసరికి కొండ వెనక ఎర్రదనం కూడా పోయింది. కనక కాళ్ళు కూడా కడగకుండా చేలోకి వెళ్ళి ఒక కొమ్మ వంచింది. ఏది పండో ఏది కాయో తెలియలేదు. కాలి కింద ఆకుల్లో రాలిన పండ్లు మెత్తగా నలిగాయి. ఆ మెత్తదనం అరికాలికి తగిలినప్పుడు ఆమెకి ఏడుపొచ్చింది. వంగి, తడుముకుంటూ, దొరికినన్ని కొంగులోకి ఏరుకుంది.

గురువారం మధ్యాహ్నం మేనేజరు మిషను దగ్గర ఉండగా వెళ్ళి నిలబడింది. పండు తొట్టెలో నీళ్ళ మీద తేలుతోంది. తేలిన తాలు పండుని ఆయన స్వయంగా జల్లెడతో తీసేస్తున్నాడు. పని తెలిసిన మనిషే. అందులో వంక లేదు.

"బాబూ, తోట టైము సాయంత్రం ఎక్కడికెల్తాది?"

"అదేం మాటమ్మా?"

"పొద్దున్న ఉంది. మజ్జానం ఉంది. సాయంత్రం కానరాదు."

వరహాలరావు జల్లెడ దులిపాడు. "చూడు కనకా, పండు విరగకాసింది. చెట్టు మీద వదిలితే పైవాళ్ళు నన్ను వదలరు. ఈ నెల్లాళ్ళు సర్దుకోండి. అయినా బస్సులు, రేడియో, బయట లోకమంతా పాత టైములోనే నడుస్తోంది. సాయంత్రం మనం లోకంతో పోవాలి కదా."

"పొద్దున్న లోకంతో పోకపోతే పరవానేదేటి బాబూ?"

ఆయన మిషను చప్పుడు వింటున్నట్టు తల తిప్పుకున్నాడు. "నోరు మంచిదే నీకు" అన్నాడు చివరికి, అంత కోపం లేకుండానే. సర్దుకోండి అనే మాట ఎప్పుడూ పైనుంచి కిందికే దొర్లుతుంది. కిందినుంచి పైకి ఎవరూ అనగా కనక వినలేదు.

ఇంటికొచ్చాక భీముడు పొయ్యి దగ్గర చేరి కంచం ముందుకు తోశాడు.

"అంబలి ఎయ్యవేటే?"

"ఇంకా నాలుగే మావా. ఆగు. అయిదయ్యాక ఏత్తాను."

"ఇదేటి కొత్త?"

"పొద్దున్న నీకు తోట టైము. ఏకువనే పోసీసినాను కదా. రేత్రికి లోకం టైము."

భీముడు ఖాళీ కంచం చూశాడు, భార్యని చూశాడు, నవ్వేశాడు. "నా మీదెందుకే? సుత్తి నాది, సెయ్యి నాది. టైము ఆయనది."

కనకకీ నవ్వు ఆగలేదు. చోడి అంబలి గరిటెడు ఎక్కువే పోసింది. కానీ ఆ మాట ఆమెని వదల్లేదు. టైము ఆయనది. ఎలా ఆయనదయింది? పొద్దు ఆయనది కాదు, నీడ ఆయనది కాదు. ఆయన ఎక్కే జీపు కూడా ఆయనది కాదు.

జీపు దగ్గర ఆమె ఆలోచన ఆగింది.

ఆ జీపు సింహాచలానిది. పొద్దున్న చింతపల్లి నుంచి మనుషుల్ని, తోట మిషనుకి డీజిలు డబ్బానీ తీసుకొస్తాడు. సాయంత్రం అయిదింటికి తోట గేటు నుంచి ఆఖరి ట్రిప్పు. శనివారాలు మేనేజరు అందులోనే వెళ్ళి నర్సీపట్నం బస్సు పట్టుకుంటాడు. ఇల్లు అక్కడే. శుక్రవారం పొద్దున్న డీజిలు దింపుతున్న సింహాచలాన్ని కనక పలకరించింది.

"ఏటి తమ్ముడూ, నువ్వూ బేగి ఒచ్చెత్తన్నావు?"

"మేనేజరు సెప్పినాడప్పా. మిషను ఆలీసం అవుతాదంట, ఇకమీదట జీపు కూడా తోట టైముకే నడపమన్నాడు."

"పొద్దున్న తోట టైము, సాయంత్రం వేరే టైము అన్నాడేటి?"

సింహాచలం డబ్బా కింద పెట్టి ఆలోచించాడు. "నేదు. జీపు తోట టైముకే అన్నాడు. పూట సెప్పనేదు."

"మరి సాయంత్రం పాత టైముకి ఎందుకెల్తన్నావు?"

"అలవాటు."

"మాటంటే మాటే కదా. గోడ మీద అయిదయితే బయలెల్లిపోవాల."

సింహాచలం ముఖం విచ్చుకుంది. చలికాలం ఘాటీ దిగడమంటే అతనికి రోజూ గండమే. మూడో మలుపు దాటేసరికి మంచు కమ్మేస్తుంది. పక్కన కూర్చున్నవాడు తల బయటికి పెట్టి దారి చెప్పాలి. "ఎలుతురుండగా దిగిపోతాను. నా పెళ్ళాం నీకు దణ్ణం ఎడతాదప్పా" అన్నాడు. ఆ సాయంత్రమే దారిలో ఊళ్ళవాళ్ళందరికీ చెప్పేశాడు. రేపట్నుంచి ఆఖరి జీపు తోట టైముకి.

శనివారం నీడ కళ్ళం సగానికి వస్తుండగా జీపు గేటు ముందు ఆగి రెండుసార్లు హారను కొట్టింది. శనివారాలు మేనేజరు బ్యాగు జీపులో పెట్టే పని భీముడిది. గోడ గడియారం చూశాడు. అయిదుకి అయిదు నిమిషాలు. క్వార్టర్సు మెట్ల మీద ఎప్పటిలాగే సర్ది పెట్టిన బ్యాగు తీసుకెళ్ళి ముందు సీట్లో పెట్టాడు. కళ్ళంలో గింజ కొరికి ఆరిందో లేదో చూసుకుంటున్న వరహాలరావు హారను విన్నాడు, చేతి వాచీ చూసుకున్నాడు, నాలుగు కాలేదు, ఎవరికోసమో ఆగిందిలే అనుకుని ఇంకో గింజ కొరికాడు. జీపు వెళ్ళిపోయింది.

"బాబూ, మీ బ్యాగు ఎల్లిపోయింది" అన్నాడు భీముడు వచ్చి.

"ఎక్కడికి?"

"బస్సు కాడికి."

"నేనిక్కడుంటే అదెలా వెళ్తుందయ్యా?"

"గోడ మీద అయిదయింది. అయిదు జీపు అయిదుకెల్లిపోయింది బాబూ."

వరహాలరావు గేటు దాకా పరుగెత్తాడు. కింద మలుపుల్లో జీపు దుమ్ము లేస్తోంది. దగ్గరి వరసల్లో కోస్తున్న కనక, పని ఆపి చూస్తూ నిలబడింది. ఆయన అరుస్తాడని, తిడతాడని ఆమె అనుకుంది. దానికి సిద్ధపడే ఉంది. ఆయన అరవలేదు. గేటు ఊచ పట్టుకుని, ఎవరితోనో కాకుండా, "రేపు మా సాహితి పుట్టినరోజు. గౌను అందులోనే ఉంది" అన్నాడు. రెండేళ్ళ పిల్ల ఆయనకి.

ఆ సంగతి కనకకి తెలియదు. తెలిస్తే ఇంకో శనివారం చూసుకునేది. గంట పోయిన బాధ ఆమెకి తెలుసు. ఇంకొకళ్ళకి అది తగలాలని ఆమె కోరుకోలేదు. సంచితోనే గేటు దగ్గరికి పరుగెత్తింది.

"గంట కొట్టించండి బాబూ. ఇడవకుండా కొడితే మూడో మలుపు కాడికి ఇనిపిస్తాది. ఏళ కాని ఏళ మోగితే ఎవులికో బాగోనేదనుకుని జీపాగుతాది."

"కొట్టు భీముడూ! కొట్టు!"

"ఎన్ని దెబ్బలు బాబూ?"

ఈ ప్రశ్నకి ఆయన ఓపిక చచ్చింది. సుత్తి లాక్కుని తనే మొదలెట్టాడు. కొండలు మోగిపోయాయి. మఫ్లరు జారి మెళ్ళో పడింది, వాచీ మణికట్టు మీద గిరగిరా తిరిగింది, ఆయన మాత్రం విడవలేదు. ఆ రైలు పట్టా పుట్టాక అంత గట్టిగా ఎవరూ కొట్టి ఉండరు. కింద ఎక్కడో దుమ్ము ఆగింది. వెంటనే సింహాచలం హారను బదులు పలికింది.

చెమట తుడుచుకుంటూ వరహాలరావు వెనక్కి తిరిగాడు. తోటలోంచి ఆడవాళ్ళు దిగి వస్తున్నారు. ఒకరి వెనక ఒకరు, నిండిన సంచులతో, ఏ తొందరా లేకుండా. ముందు రత్నాలు.

"ఏంటమ్మా ఇది? ఎందుకొస్తున్నారు?"

"దిగే గంట అయింది కద బాబూ."

"అది జీపు కోసం కొట్టాను!"

"ఎందుకు కొట్టినారో గంటకి తెల్దు," అంది రత్నాలు చుట్ట బయటికి తీసి. "ఇడవకుండా మోగింది. ఆ పైన తోట కొండదేవతది. ఇంక ఎక్కకూడదు."

కనక అప్పుడు గానీ గ్రహించలేదు. నిజంగానే గ్రహించలేదు. జీపు ఆపాలన్నదొక్కటే ఆమె బుర్రలో ఉంది. ఇప్పుడు మొగుడి వంక చూస్తే, అతను ఆకాశం వంక చూస్తున్నాడు, నవ్వు ఆపుకోవడానికి.

వరహాలరావు ఆడవాళ్ళని చూశాడు. కళ్ళం మీద సగానికే వచ్చిన నీడని చూశాడు. ఎండ ఇంకా మిరియం తీగల మీద పచ్చగా ఉంది. చేతిలో సుత్తి ఉంది. ఎవరి మీద అరవాలో ఆయనకి తోచలేదు, ఎందుకంటే కొట్టింది ఆయనే. ముందు పెదాలు కదిలాయి, తరవాత భుజాలు. పగలబడి నవ్వాడు. రెండు నెలల్లో ఆయన అలా నవ్వగా ఎవరూ చూడలేదు.

"అయితే నేనే కొట్టానన్నమాట!"

"బాగా కొట్టినారు బాబూ," అంది కనక. "సోమారం ఎవులు కొడతారు?"

నవ్వు ఆగింది. అందరూ నిలబడి ఉన్నారు. వరహాలరావు వాచీ విప్పి ముల్లు తిప్పబోయాడు.

"ఒద్దు బాబూ," అని భీముడు గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు. "వాచీ తిప్పితే మీ బస్సు తప్పిపోద్ది. దానికి లోకం టైమే."

ఆయన వాచీ మళ్ళీ పెట్టుకున్నాడు. సుత్తి భీముడి చేతికిచ్చాడు. "సోమవారం నుంచి గోడ మీద ఎంతయితే అంత. ఎక్కడానికీ అదే, దిగడానికీ అదే. నన్ను అడక్కు. నేను చెయ్యి అడ్డం పెట్టినా ఆగకు."

జీపు వెనక్కి వచ్చి గేటు ముందు ఆగింది. ఎవరికి బాగోలేదు, ఏమయింది అని సింహాచలం కంగారుగా తల బయటికి పెట్టాడు. ఆయన ఎక్కి కూర్చుని బ్యాగు ఒళ్ళో పెట్టుకున్నాక, కనక కొంగున ఉన్న రెండు జామపళ్ళు కిటికీలోంచి అందించింది.

"పాపకి."

ఆయన పుచ్చుకున్నాడు. బ్యాగులో గౌను పక్కన పెట్టుకున్నాడు.

సోమవారం మాట నిలబడింది. మంగళవారమూ నిలబడింది. నీడ కళ్ళం సగానికి రాగానే భీముడు కొట్టేవాడు. మేనేజరు ఎదురుగా ఉంటే ఇంకో నాలుగు దెబ్బలు ఎక్కువ కొట్టేవాడు. ఆడవాళ్ళు బిలబిలమంటూ దిగిపోయేవాళ్ళు. పొద్దుటి చలి చలే, దాన్ని ఎవరూ తియ్యగా ఉందనలేదు. కానీ కనక పుణ్యమా అని అనే మాట ఇప్పుడు వేరే గొంతుతో వినబడుతోంది. రత్నాలు మనవల్ని ఎండలో నిలబెట్టి చూసుకుని, చిన్నవాడికి ముక్కు తాతదే వచ్చిందని ఊరంతా చెప్పింది.

కనక ఇల్లు చేరీ చేరగానే చేలోకి వెళ్ళేది. ఏటవాలు ఎండ కొమ్మల కిందికి దూరి పండ్లని లోపల్నించి వెలిగించేది. ఎర్రది ఎర్రగా, పచ్చది పచ్చగా. పరాయి తోటలో పొద్దంతా కోసిన వేళ్ళే ఇక్కడ కొత్తగా లేచి ఆడేవి. భీముడు గేటు తాళం వేసి వచ్చేవాడు. ఈసారి అతనికి కొయ్యడం నేర్పింది. మెలిపెట్టు, గుంజకు, పచ్చిది కనబడితే దణ్ణం పెట్టి వదిలెయ్యి. మూడో రోజుకి అతని సంచిలో ఆకులు తగ్గాయి. అయిదో రోజుకి పచ్చికాయలు తగ్గాయి. శనివారం అతని సంచి చూసి కనక ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం కంటే పెద్ద మెప్పు ఆమె దగ్గర లేదని భీముడికి తెలుసు.

మరుసటి బుధవారం ఆఖరి వరస అయిపోయింది. పండు రాలింది రాలగా, మానుపిల్లి తిన్నది తినగా, మిగిలినదంతా ఇంటి ముందు చాపల మీద ఎర్రగా పరుచుకుంది.

గురువారం గంట మోగింది. కనక అలవాటుగా గబగబా దిగింది, అలవాటుగా ఇల్లు చేరింది, అలవాటుగా సంచి కట్టుకుని చేలోకి వెళ్ళింది. కొమ్మ వంచింది. పచ్చికాయలు నాలుగు, అంతే. ఇంకో కొమ్మ. అక్కడా అంతే. నవ్వుకుని సంచి విప్పేసింది. ఇంటికి వెళ్ళి ఏదైనా చేద్దామనుకుంది. నీళ్ళు తెచ్చి ఉన్నాయి. కట్టెలు కొట్టి ఉన్నాయి. పొయ్యి వెలిగించే వేళ ఇంకా కాలేదు. ఆమెకి ఊహ తెలిశాక పొద్దు ఉండగా చేతులు ఖాళీగా ఉన్న రోజు ఇదే. ఏం చెయ్యాలో తెలియక గట్టు మీద కూర్చుంది. కూర్చోవడం బాగుంది. కాళ్ళు చాపింది. అది ఇంకా బాగుంది.

ఎదురుగా లోయలో వలిసె చేలు పసుపుగా ఉన్నాయి. అవి ఏటా అలాగే పూస్తాయి. కానీ ఆ వేళప్పుడు, ఆ ఎండలో, కూర్చుని ఆమె ఎప్పుడూ చూడలేదు.

భీముడు సంచి వెతుక్కుంటూ వచ్చాడు.

"ఏటి సేత్తన్నావే?"

"ఏటీ సేయట్నేదు."

"ఒంట్లో బాగోనేదేటి?"

"బాగుంది."

అతను ఆమె చూస్తున్న వైపు చూశాడు. అక్కడ చెయ్యవలసిన పనేదీ కనబడలేదు. పక్కన కూర్చున్నాడు.

"మరి రేపేటి సేత్తావు?"

కనక కాలి బొటనవేళ్ళు ఎండలో ఆడించింది.

"రేపు కూడా ఏటీ సేయను మావా" అంది.